మళ్లీ ఎప్పుడు కొలిచారు, ఎవరు చెబితే కొలిచారు? దీర్ఘకాల ఆరోగ్య డేటా మీద ఒక వాడకందారు రివ్యూ

కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు ఏ డేటాసెట్ గురించి మాట్లాడినా ముందు అడిగేది ఒకటే: "అందులో ఎంతమంది ఉన్నారు?" ఐదు లక్షలంటే కళ్లు మెరుస్తాయి. ఐదు వేలంటే మొహం చిన్నబోతుంది. నేను అడిగేది వేరు. ఒక మనిషికి ఇవాళ బీపీ చూశారు, సరే. మళ్లీ ఎప్పుడు చూడాలో ఎవరు తేల్చారు? పరిశోధకుల క్యాలెండరా? ఆ మనిషికి ఒంట్లో బాగోలేకపోవడమా? ఇన్సూరెన్స్ బిల్లా? చట్టమా? చేతికి వాచీ పెట్టుకోవాలన్న సరదానా? ఈ ఒక్కదానికి జవాబు దొరికితే ఆ డేటాని ఎక్కడ నమ్మొచ్చో, ఎక్కడ బోల్తా పడతామో చాలావరకు తెలిసిపోతుంది.

బీపీ, షుగర్, జ్ఞాపకశక్తి ఒకే మనిషిలో ఏళ్లు గడిచేకొద్దీ ఎలా మారతాయో లెక్కలు కట్టడం నా ఉద్యోగం. నేను డాక్టర్ని కాను, ఇంటింటికీ తిరిగి వివరాలు రాసుకున్నదాన్నీ కాను. వేరేవాళ్లు కష్టపడి సేకరించినదాన్ని అప్లికేషన్ పెట్టి తెచ్చుకుని, శుభ్రం చేసి వాడుకునేదాన్ని. స్టార్లు ఇవ్వడం ఇలాంటి సరుకుకి అంతగా నప్పదు. అయినా అక్కడక్కడా ఇస్తాను, అదీ నా పనికి ఎంత పనికొచ్చిందన్న లెక్కలోనే.

ముందు కోహార్ట్‌లు. అంటే కొంతమందిని ఎంచుకుని, వాళ్లనే ఏళ్ల తరబడి పిలిచి పరీక్షించే అధ్యయనాలు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో 1948లో 5,209 మందితో మొదలైన గుండె అధ్యయనాన్ని వీటన్నిటికీ నమూనాగా చెప్పుకుంటారు. రెండేళ్లకోసారి పిలవడం, అందరికీ అవే పరీక్షలు చేయడం. 1971లో వాళ్ల పిల్లల్ని, కోడళ్లని, అల్లుళ్లని కలిపి 5,124 మందిని చేర్చారు. 2002లో మనవల తరం మొదలైంది. ఇక్కడ తర్వాతి కొలతని తేల్చేది క్యాలెండర్. మనిషి బాగున్నా పిలుస్తారు, బాగోకపోయినా పిలుస్తారు. ఎక్కువ బీపీ, కొలెస్ట్రాల్, సిగరెట్ అలవాటు గుండెపోటు కంటే ముందే ఉన్నాయని చూపించగలిగింది అందుకే. జబ్బు వచ్చాక మంచం పక్కన కూర్చుని "అప్పట్లో రోజుకి ఎన్ని కాల్చేవారు?" అని అడిగితే వచ్చే జవాబుకి అంత బలం ఉండదు.

లోటు ఏమిటంటే అది ఒకే పట్టణం, మొదట్లో దాదాపు అందరూ తెల్లవాళ్లే. ఇతర జాతులవాళ్లని ఓమ్ని అనే పేరుతో 1994లో గానీ చేర్చలేదు. ఆ లెక్కలతో తయారైన గుండెజబ్బు రిస్క్ స్కోరు కొన్ని ఇతర జనాభాల్లో ఉన్నదానికంటే ఎక్కువ ప్రమాదం చూపించింది. అక్కడి జబ్బు రేట్లతో సరిచేసుకుంటే గానీ కుదరలేదు. ఏది దేనికి దారితీస్తుందో తెలుసుకోవడానికి ఫ్రామింగ్‌హామ్ గొప్పది. నీ దేశంలో ఎంతమందికి వస్తుందో చెప్పమంటే మాత్రం దాన్ని అడగకూడదు.

అంతకంటే రెండేళ్లు పెద్దది బ్రిటన్‌లో ఉంది. 1946 మార్చిలో ఒకే వారంలో పుట్టిన పిల్లల్లోంచి 5,362 మందిని ఎంచుకుని, ఇప్పటికీ వెంబడి వస్తున్నారు. పసితనంలో బరువెంత, ఎప్పుడు నడిచారు, బళ్లో ఎలా చదివారు అన్నవన్నీ అప్పుడే రాసిపెట్టుకున్నవి. ముసలితనంలో జ్ఞాపకశక్తికీ చిన్నప్పటి ఎదుగుదలకీ లంకె చూడాలంటే దీనికి సాటి వచ్చేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కానీ అప్పటి నియమాల ప్రకారం పెళ్లయిన తల్లులకి పుట్టిన పిల్లల్నే, అదీ కవలలు కానివాళ్లనే తీసుకున్నారు. తర్వాతి దశాబ్దాల్లో బయటి దేశాల నుంచి వచ్చి స్థిరపడినవాళ్లెవరూ ఇందులో ఉండరు, ఉండలేరు. పైగా మధ్యలో చేత్తో వాడే బీపీ మీటరు పోయి ఆటోమేటిక్ యంత్రం వచ్చింది. రెండూ ఒకే చేతికి పెట్టినా ఒకే అంకె చూపించవు. దాన్ని సరిచేసే ఫార్ములా వాడకుండా గ్రాఫ్ గీస్తే, మనుషుల్లో మార్పుకీ యంత్రంలో మార్పుకీ తేడా తెలియదు. దీర్ఘకాల డేటా అన్నిట్లోనూ ఈ చిక్కు ఉంటుంది: కాలం గడిచేకొద్దీ మనుషులూ మారతారు, కొలిచే పద్ధతీ మారుతుంది.

కోహార్ట్‌ల అసలు జబ్బు, రాకుండా పోయేవాళ్లు. మానేసేవాళ్లు లాటరీ తీసినట్టు మానేయరు. ఒంట్లో బాగోనివాళ్లు, మతిమరుపు మొదలైనవాళ్లు, ఇల్లు మారాల్సి వచ్చినవాళ్లు, ఉద్యోగం ఊడినవాళ్లు ముందు జారుకుంటారు. మిగిలినవాళ్లతో సగటు తీస్తే ప్రతి రౌండ్‌కీ జనం ఆరోగ్యం కాస్త మెరుగుపడినట్టే కనిపిస్తుంది. దీనికి గణితంలో మందులున్నాయి. అయితే ఆ మందు పనిచేయాలంటే ఎవరు ఎందుకు రాలేదో తెలియాలి. చనిపోయారా, రానన్నారా, అడ్రస్‌లో దొరకలేదా? ఈ మూడూ మూడు వేర్వేరు కథలు. మంచి అధ్యయనాలు ఈ మూడిటికీ వేర్వేరు కోడ్‌లు ఇస్తాయి. నేను వాడిన ఒక కోహార్ట్‌లో, పేరు చెప్పను, అందరికీ కలిపి 99 అని కొట్టేశారు. వివరాలు అడుగుతూ మెయిల్ పెడితే చాలా రోజులకి మర్యాదగా జవాబొచ్చింది: ఆ ఫైల్ చూసుకున్నాయన రిటైరయ్యారు, ఇప్పుడు ఎవరి దగ్గరుందో తెలియదు. రక్తం నమూనాలు మాత్రం మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో భద్రంగా ఉన్నాయట.

ఇక్కడే నర్సుల అధ్యయనం గురించి చెప్పాలి. దీనంత మంచి పేరూ, దీనంత గట్టి దెబ్బా రెండూ తిన్నది ఇంకోటి లేదనిపిస్తుంది. 1976లో అమెరికాలో 1,21,700 మంది నర్సులతో మొదలైంది. రెండేళ్లకోసారి ప్రశ్నపత్రం వెళ్తుంది. నర్సులు కాబట్టి ఏ మందు, ఏ జబ్బు అన్నది స్పష్టంగా రాస్తారు, మానేసేవాళ్లూ తక్కువే. ఆ డేటాలో నెలసరి ఆగాక హార్మోన్ మాత్రలు వాడిన ఆడవాళ్లకి గుండెజబ్బు తక్కువగా కనిపించింది. ఆ తర్వాత 16 వేల మందికి పైగా ఆడవాళ్లతో చేసిన ట్రయల్ ఒకటి, అంటే ఎవరికి అసలు మాత్ర, ఎవరికి ఉత్తుత్తి మాత్ర అన్నది లాటరీ తీసి ఇచ్చే పరీక్ష, 2002లో మధ్యలోనే ఆగిపోయింది. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి వాడినవాళ్లలో గుండెజబ్బు తగ్గకపోగా పెరిగింది.

"చూశారా, లాటరీ తీయకుండా జనం చేసేది చూసి రాసుకున్న పరిశీలన డేటా అంటే ఇంతే" అని అందరూ అనేశారు. నాకు ఆ తీర్పు నచ్చదు. 2008లో అదే నర్సుల డేటాని మరో రకంగా కట్టి చూశారు. అప్పటికే మాత్రలు వాడుతున్నవాళ్లనీ వాడనివాళ్లనీ పోల్చడం మానేసి, ట్రయల్‌లో చేసినట్టు, మాత్రలు కొత్తగా మొదలుపెట్టిన రోజు నుంచి లెక్కపెట్టారు. రెండు ఫలితాల మధ్య తేడా చాలావరకు కరిగిపోయింది. ప్రమాదం మొదటి ఒకట్రెండేళ్లలోనే ఎక్కువ. ఎప్పటినుంచో వాడుతున్నవాళ్లంటే ఆ గండం గడిచి బయటపడ్డవాళ్లు. వాళ్లని మాత్రమే చూస్తే మాత్ర మంచిదనే అనిపిస్తుంది. అంటే తప్పు డేటాది కాదు, గడియారాన్ని ఎక్కడ మొదలుపెట్టామన్నదానిది. కానీ ఒకటి ఒప్పుకోవాలి: రెండేళ్లకోసారి వచ్చే ప్రశ్నపత్రంలో, ఆ మధ్యలో మాత్ర మొదలుపెట్టి, గుండెపోటు వచ్చి, మాత్ర మానేసిన మనిషి సరిగ్గా కనిపించదు. రెండు కొలతల మధ్య ఎడం ఎంతన్నది అంత ముఖ్యం. నాలుగు స్టార్లు.

నాకు ఇష్టమైనది హెచ్‌ఆర్‌ఎస్. అమెరికాలో 1992లో మొదలైన ఆరోగ్య, రిటైర్మెంట్ సర్వే. 50 దాటినవాళ్లని రెండేళ్లకోసారి పలకరిస్తుంది. దీన్ని చూసి ఇంగ్లండ్‌లో 2002లో, యూరప్ దేశాల్లో 2004లో, చైనాలో 2011లో, ఇండియాలో 2017లో ఇలాంటివే మొదలుపెట్టారు. ప్రశ్నలు చాలావరకు కలుస్తాయి కాబట్టి దేశాల మధ్య పోలికకి ఇంతకంటే మంచి కుటుంబం నాకు తెలియదు. అన్నిటికంటే నచ్చింది, మనిషి చనిపోయినా వదలకపోవడం. చివరి రోజులు ఎలా గడిచాయి, ఎవరు చూసుకున్నారు, హాస్పిటల్‌లో ఎన్నాళ్లున్నారు అని కుటుంబ సభ్యుల్ని అడిగి రాసుకుంటారు. మతిమరుపు ముదిరి మాట్లాడలేని స్థితిలో ఉంటే భార్యనో, కొడుకునో అడుగుతారు. రాకుండా పోయేవాళ్ల సమస్యని ఇంత శ్రద్ధగా ఎదుర్కొన్నవి అరుదు.

కానీ చికాకులు లేకపోలేదు. జబ్బుల వివరాలు చాలావరకు "మీకు షుగర్ ఉందని డాక్టర్ ఎప్పుడైనా చెప్పారా?" అన్న తరహా ప్రశ్నల మీద ఆధారపడతాయి. డాక్టర్ దగ్గరికే వెళ్లనివాళ్లకి షుగర్ ఉన్నా లేనట్టే. పేదరికానికీ షుగర్‌కీ సంబంధం చూడబోతే ఇది నేరుగా అడ్డం వస్తుంది. ఇంకో వింత: ఒక రౌండ్‌లో "అవును" అన్నవాళ్లు తర్వాతి రౌండ్‌లో "ఎప్పుడూ లేదే" అంటారు. హెచ్‌ఆర్‌ఎస్‌వాళ్లు పోయినసారి చెప్పింది గుర్తుచేసి అడుగుతారు, అయినా కొందరు కాదనే అంటారు. దాన్ని వివాదంగా నమోదు చేస్తారు. ఏది నిజమో తేల్చుకోవడం మన పని. జ్ఞాపకశక్తి పరీక్షలో 10 పదాలు చదివి వినిపించి, గుర్తున్నవి వెంటనే ఒకసారి, కాసేపాగి మరోసారి చెప్పమంటారు. రెండోసారి ఆ పరీక్ష ఇచ్చేవాళ్లకి తంతు అలవాటైపోతుంది, మార్కులు కాస్త పెరుగుతాయి. వయసుతో రావాల్సిన తరుగుదలని ఆ అలవాటు కప్పేస్తుంది. ఇవన్నీ కలుపుకున్నా నాలుగున్నర. కోడ్‌బుక్‌లో ప్రతి ప్రశ్నా, దాన్ని ఎవరికి వేశారో, ఎవరికి వేయలేదో రాసి ఉంటుంది. ఆ అర స్టారు అందుకే.

యూకే బయోబ్యాంక్ గురించి మాట్లాడితే నా స్నేహితులు నొచ్చుకుంటారు. 40 నుంచి 69 ఏళ్లవాళ్లు, 5 లక్షల మంది, 2006-2010 మధ్య చేరారు. రక్తం, మూత్రం, జన్యువులు, ఎంఆర్ఐ, అన్నీ ఉన్నాయి. అప్లికేషన్ పద్ధతి స్పష్టంగా ఉంటుంది, ఏ దేశం నుంచైనా అడగొచ్చు. జన్యువుల పని చేసేవాళ్లయితే ఐదుకి ఐదు ఇవ్వండి, నేను అడ్డుచెప్పను. కానీ దాన్ని చేతిలోకి తీసుకుని "ఒకే మనిషిలో బీపీ ఎలా మారింది?" అని అడిగి చూడండి. చాలామందికి సెంటర్‌లో తీసిన బీపీ ఒక్కసారిదే. 2012-13లో రెండోసారి పిలిచింది సుమారు 20 వేల మందిని. స్కానింగ్‌కి వచ్చినవాళ్లకి ఇంకోసారి కొలత దొరుకుతుంది, వాళ్లూ అందరూ కాదు. మిగతా వాళ్ల విషయంలో కాలం వెంబడి నడిచేది చాలావరకు హాస్పిటల్, మరణాల రికార్డుల లాంటి లంకెలే. జబ్బు ఎప్పుడొచ్చిందో తెలుస్తుంది, కొలత ఎలా నడిచిందో అంతగా తెలియదు. ఐదు లక్షల అంకె చూసి మురిసిపోయేవాళ్లకి నేను ముందు చూపించేది ఈ 20 వేల అంకె.

ఇక ఎవరు చేరారన్న సంగతి. 92 లక్షల మందికి ఉత్తరాలు వెళ్తే 5.5 శాతం వచ్చారు. వచ్చినవాళ్లు సగటు జనం కంటే ఆరోగ్యవంతులు, తక్కువ సిగరెట్లు కాల్చేవాళ్లు, కాస్త మెరుగైన చోట్ల ఉండేవాళ్లు. దీనివల్ల సంబంధాలేమీ దెబ్బతినవని ఒక వాదం ఉంది. చాలాసార్లు నిజమే కావచ్చు కూడా. కానీ చేరాలన్న నిర్ణయానికే చదువు, ఆరోగ్యం రెండూ కారణమైనప్పుడు, ఆ రెండిటి మధ్య సంబంధం చేరినవాళ్లలో మెలి తిరుగుతుంది. నా పనికి మూడు స్టార్లు.

ఇప్పుడు హాస్పిటల్ రికార్డులు. నేను ఎక్కువ కాలం గడిపిందీ, ఎక్కువ తిట్టుకున్నదీ వీటితోనే.

బలం ఏమిటో ముందు చెప్పేస్తాను. నిజమైన ల్యాబ్ అంకెలుంటాయి, మందు మోతాదు ఉంటుంది, గంట గంటకీ కొలతలుంటాయి. ఎవర్నీ పిలవక్కర్లేదు, ఫ్రీజర్లు కొనక్కర్లేదు. అరుదైన జబ్బులకి కోహార్ట్‌లో పది మంది దొరికితే గొప్ప, ఇక్కడ వేలల్లో దొరుకుతారు. నేర్చుకోవాలనుకునేవాళ్లకి మిమిక్ ఉంది. బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ హాస్పిటల్ ఐసీయూ డేటా. మనుషుల మీద పరిశోధనకి సంబంధించిన చిన్న కోర్సు పూర్తి చేసి, ఒప్పందం మీద సంతకం పెడితే ఉచితంగా ఇస్తారు. మూడో వెర్షన్‌లో 2001-2012 మధ్య చేరిన 40 వేల మందికి పైగా రోగులున్నారు. మొదటిసారి తెరిచినవాళ్లు కంగారుపడే విషయం ఒకటుంది: రోగులంతా 2100కీ 2200కీ మధ్య హాస్పిటల్‌లో చేరి ఉంటారు. గుర్తుపట్టకుండా ఒక్కో మనిషి తేదీలన్నిటినీ ఒకే మొత్తంలో ముందుకి జరిపారు. 89 దాటినవాళ్ల వయసు 300 ఏళ్లకి పైగా కనిపిస్తుంది. ఒక మనిషి లోపల రోజుల తేడాలు సరిగ్గానే ఉంటాయి, కానీ ఫలానా ఏడాది చికిత్స మారింది కదా, ముందూ తర్వాతా పోల్చుదాం అనుకుంటే కుదరదు. గోప్యత కోసం పోగొట్టుకున్నది అది. నాకు ఫిర్యాదేం లేదు, తెలిసి వాడాలంతే.

అసలు ఇబ్బంది, ఇక్కడ తర్వాతి కొలతని జబ్బు తేలుస్తుంది. బాగున్నవాడు రాడు. వచ్చినవాడికి కూడా డాక్టర్‌కి అనుమానం వస్తేనే పరీక్ష. 2018లో బోస్టన్‌లోని రెండు హాస్పిటళ్ల డేటా మీద ఒక పేపర్ వచ్చింది. 272 ల్యాబ్ పరీక్షలు తీసుకుని చూస్తే, వాటిలో 233 విషయంలో ఫలితం ఏమొచ్చిందన్నది పక్కనపెట్టినా, ఆ పరీక్ష రాశారన్న ఒక్క విషయానికే రోగి బతకడంతో సంబంధం కనిపించింది. చాలా పరీక్షల్లో ఫలితం కంటే అది ఏ వేళకి, ఎంత తొందరగా చేయించారన్నదే ఎక్కువ చెప్పింది. తెల్లవారుజామున మూడింటికి రక్తం తీయించారంటే అంకె రాకముందే సంగతి అర్థమైపోతుంది కదా. అలాంటి డేటాని తీసుకుని, కొలత లేని చోట సగటు నింపి, మోడల్‌లో పడేసేవాళ్లని చూస్తే నాకు బీపీ పెరుగుతుంది.

ఒక హాస్పిటల్ రికార్డులతో నా అనుభవం ఇలాంటిదే. బరువు కాలమ్‌లో చాలామందికి ఏళ్ల తరబడి గ్రాము కూడా మారలేదు. మొదటిసారి తూచినది సాఫ్ట్‌వేర్ ప్రతి విజిట్‌కీ తనంతట తనే ముందుకి లాగుతోంది, నర్సు మార్చకపోతే అదే ఉండిపోతుంది. బీపీలో సున్నాతో ముగిసే అంకెలు ఉండాల్సినదానికంటే ఎన్నో రెట్లు. 120, 130, 140. చేత్తో కొలిచే చోట ఇది మామూలే, కానీ 140 దగ్గర గీత గీసి "హై బీపీ" అనేటప్పుడు మామూలు కాదు. మధ్యలో ఒక ఏడాది షుగర్ రోగులు అమాంతం సగమైపోయారు. ఏదో అద్భుతం జరిగిందనుకుంటే, ఆ ఏడాది సాఫ్ట్‌వేర్ మార్చారట, పాత రోగులకి కొత్త నంబర్లు పడ్డాయి. పాత నంబర్‌నీ కొత్త నంబర్‌నీ కలిపే పట్టిక అడిగితే "అది ఐటీవాళ్ల దగ్గర ఉండాలి" అన్నారు. ఐటీవాళ్లు "అది రికార్డ్స్ సెక్షన్‌ది" అన్నారు. నేను ఇంకా ఎదురుచూస్తున్నాను. రెండున్నర స్టార్లు. అదీ ల్యాబ్ అంకెల కోసం.

కుటుంబ డాక్టర్ల రికార్డులు కాస్త నయం, బ్రిటన్‌లో సీపీఆర్‌డీ లాంటివి. అక్కడ జనం దాదాపు అందరూ ఒక డాక్టర్ దగ్గర నమోదై ఉంటారు కాబట్టి, రాని మనిషి కూడా లెక్కలో ఉంటాడు. నమోదు రద్దు చేసుకున్న తేదీ ఉంటుంది, అంటే ఎప్పటివరకు చూశామో తెలుస్తుంది. హాస్పిటల్ డేటాలో లేనిది సరిగ్గా ఇదే. అయితే 2004లో నాణ్యత లక్ష్యాలు చేరిన డాక్టర్లకి అదనంగా డబ్బివ్వడం మొదలైంది. లక్ష్యాల్లో ఉన్నవి రాయడం పెరిగింది. ఆ ఏడాది దాటే గ్రాఫ్‌లో సిగరెట్ తాగేవాళ్లు పెరిగినట్టు కనిపిస్తే జనాన్ని అనుమానించకండి. ఇంకా, గత రెండు మూడు నెలల షుగర్ సగటు ఎలా ఉందో చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష యూనిట్లు 2009-11 మధ్య మారాయి. పాత లెక్కలో 7 శాతం, కొత్త లెక్కలో 53. ఒకే కాలమ్‌లో రెండూ కలిసి ఉంటే యూనిట్ కాలమ్ చూడకుండా సగటు తీయకూడదు. ఆ యూనిట్ కాలమ్ అన్ని వరసల్లోనూ నిండి ఉంటుందని ఆశ పెట్టుకోకూడదు కూడా.

జబ్బు నిర్వచనాలూ ఇలాగే జరుగుతాయి. ఉపవాసంతో చూసే షుగర్ గీత 1997లో 140 నుంచి 126కి దిగింది. అమెరికాలో హై బీపీ గీత 2017లో 140/90 నుంచి 130/80కి వచ్చింది. రాత్రి పడుకుని లేచేసరికి కోట్లమంది రోగులైపోయారు. జబ్బు పేరు మాత్రమే దాచుకున్న డేటాలో దీన్ని సరిచేయలేం. అంకె దాచుకున్నదాంట్లో చేయగలం. ఎంచుకునే వీలుంటే ఎప్పుడూ అంకె ఉన్నదే ఎంచుకుంటాను.

ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లు దీనికి పూర్తిగా ఉల్టా. అంకెలుండవు, అంతా పేర్లే. హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించారని బిల్లు చెబుతుంది, ఎంత వచ్చిందో చెప్పదు. అనుమానం తీర్చుకోవడానికి రాసిన పరీక్షకి కూడా ఆ జబ్బు కోడ్ పడుతుంది కాబట్టి ఒక్క కోడ్ చూసి రోగి అనేయకూడదు. రెండు వేర్వేరు తేదీల్లో కోడ్ ఉంటేనే లెక్కలోకి తీసుకోవడం చాలామంది పాటించే పద్ధతి. అమెరికా క్లెయిమ్‌లయితే 2015 అక్టోబర్ 1న జబ్బులకి కోడ్‌లు ఇచ్చే పాత జాబితా ఐసీడీ-9 పోయి కొత్తది ఐసీడీ-10 వచ్చింది. సుమారు 14 వేల జబ్బు కోడ్‌ల చోట సుమారు 68 వేలు. ఆ తేదీ దగ్గర ఏ గీత విరిగినా ముందు కోడ్‌లనే అనుమానించాలి. ఉద్యోగం మారితే ఇన్సూరెన్స్ మారుతుంది, మనిషి మాయమవుతాడు. అంటే ఉద్యోగం పోయేంత జబ్బుపడ్డవాళ్లే మన కళ్లముందు నుంచి తప్పుకుంటారు. ఒక్క మెచ్చుకోలు మాత్రం ఉంది: బిల్లు కాబట్టి తేదీలు కచ్చితంగా ఉంటాయి. డబ్బు ముడిపడ్డ కాలమ్‌ని ఎవరూ ఖాళీగా వదలరు.

డెన్మార్క్, స్వీడన్ లాంటి దేశాల రిజిస్టర్లు చూసి అసూయపడని పరిశోధకులు ఉండరు. డెన్మార్క్‌లో 1968 నుంచి ప్రతి మనిషికీ ఒక నంబర్. పుట్టుక, చదువు, జీతం, హాస్పిటల్, మందులు, మరణం అన్నీ దానికే కట్టి ఉంటాయి. హాస్పిటల్ రిజిస్టర్ 1977 నుంచి ఉంది, బయటి రోగుల్ని 1995లో కలిపారు. ఎవరూ మానేయరు, దేశం వదిలి వెళ్తే తప్ప. నేను పైన అంతసేపు మొత్తుకున్న సమస్య ఇక్కడ దాదాపు లేదు. కానీ ఆ రిజిస్టర్లని పరిశోధన కోసం పెట్టలేదు, పాలన కోసం పెట్టారు. సిగరెట్, బరువు, వ్యాయామం లాంటివి చాలావరకు ఉండవు. స్వీడన్‌లో సైన్యం పరీక్షకి వెళ్లిన పద్దెనిమిదేళ్ల కుర్రాళ్ల బరువు, బీపీ దొరుకుతాయి, ఆడవాళ్లవి ఎక్కడ వెతకాలి? మందుల రిజిస్టర్‌లో కొన్నారని ఉంటుంది, మింగారో లేదో ఉండదు. 1995కి ముందు హాస్పిటల్‌లో చేరనంత తేలిక జబ్బుతో ఉన్నవాళ్లు డెన్మార్క్ హాస్పిటల్ రిజిస్టర్‌లో కనిపించరు. కాబట్టి ఆ ఏడాది కొత్త రోగులు పెరిగినట్టుంటే అది రిజిస్టర్ పెరగడం. డేటా బయటికి రాదు, వాళ్ల సర్వర్‌లోకి లాగిన్ అయి పనిచేసి, గుంపుల లెక్కలు మాత్రమే తీసుకెళ్లాలి. ఇది మంచి పద్ధతే. అయితే ఆ దేశంలో అనుమతి ఉన్న సంస్థతో కలిస్తేనే తలుపు తెరుచుకుంటుంది.

మరణాల నమోదు సరిగ్గా లేని చోట్ల ఏం చేయాలన్నదానికి బంగ్లాదేశ్‌లోని మత్లబ్ జవాబు. 1966 నుంచి ఒక నిర్ణీత ప్రాంతంలో ఇంటింటికీ వెళ్లి పుట్టుకలు, చావులు, వలసలు రాసుకుంటున్నారు. చావుకి కారణం ఇంట్లోవాళ్లు చెప్పిన లక్షణాల నుంచి ఊహించాల్సిందే. పసిపిల్లల విరేచనాలకి అది బాగానే పనిచేస్తుంది, పెద్దవాళ్ల గుండెజబ్బుకి అంతగా కాదు. కానీ మొత్తం జనాభా, దశాబ్దాల తరబడి, ఖాళీ లేకుండా. దానికి స్టార్లు ఇచ్చే స్థాయి నాకు లేదు.

వాచీల గురించి తొందరగా చెప్పేస్తాను. నిమిష నిమిషం డేటా, పైగా మనిషి ఇంట్లో ఉన్నప్పటిది. 4 లక్షల 19 వేల మందితో చేసిన ఆపిల్ గుండె అధ్యయనంలో 2,161 మందికి నాడి క్రమం తప్పిందని వాచీ హెచ్చరించింది. వాళ్లలో ఈసీజీ ప్యాచ్ పెట్టుకుని, లెక్కకి పనికొచ్చేలా తిరిగి పంపింది 450 మంది. అంటే నాలుగు లక్షలతో మొదలై నిర్ధారణ దగ్గరికి వచ్చేసరికి నాలుగు వందలు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చిన రోజు నుంచి అడుగుల లెక్క మారిపోతుంది, కంపెనీ దాన్ని చెప్పొచ్చు, చెప్పకపోవచ్చు. జ్వరమొచ్చినప్పుడు వాచీ తీసి పక్కన పెడతారు, సరిగ్గా మనకి కావలసిన రోజున. రెండు స్టార్లు. యూకే బయోబ్యాంక్‌లో సుమారు లక్షమందికి వారం రోజులు ఒకే రకం పరికరం కట్టి ముడి సిగ్నల్ దాచారు, దానికి మాత్రం నాలుగు. ఒకే వారమైనా అందరికీ అదే పరికరం, ఎప్పుడు తిరగేసినా ముడి డేటా ఉంటుంది.

మొదటిసారి అప్లికేషన్ పెట్టబోయేవాళ్లకి ఒక పని చెబుతాను. డేటా చేతికి రావడానికి నెలలు పట్టొచ్చు, కోడ్‌బుక్, ప్రశ్నపత్రాలు చాలాచోట్ల ముందే ఉచితంగా దొరుకుతాయి. మీకు కావలసిన ఒక్క వేరియబుల్ తీసుకోండి, బీపీ అనుకోండి. ప్రతి రౌండ్‌లోనూ అది ఉందా, ఏ యంత్రంతో, ఎన్నిసార్లు కొలిచారు, మందు వేసుకుంటున్నారా అని అదే రోజు అడిగారా, లేనివాళ్లకి ఏ కోడ్ పడింది, ఇవి ఒక కాగితం మీద రాసుకోండి. హెచ్‌ఆర్‌ఎస్‌కి ఈ కాగితం ఒక్క సాయంత్రంలో నిండుతుంది. ఆ 99 కోహార్ట్‌కి సగం గడులు ఖాళీగానే ఉండిపోయాయి. అది చూసుకున్నాకే ఈథిక్స్ కమిటీ ఫారం తెరవండి.